పూసలతో ఋతువుల పూలు

షోలాపురములోని మన పేటలలో మగ్గము చప్పుడు వినని బిడ్డ లేదు. పడుగు, పేక, కండె అను మాటలు మన పిల్లలకు ఉగ్గుపాలతోనే అబ్బును. కాని పోయిన దసరా దినములలో మేము చేతిపనుల తరగతిలో తంగేడుపూవును గీయుమని చెప్పగా, పలువురు ఒకరి ముఖ మొకరు చూచుకొనిరి. ఊరి వెలుపలి మెట్టలలో పూచు ఆ పసుపుపచ్చని పూవును వారెరుగుదురు. దానిని మరాఠీలో తర్వడ్ అందురనియు నెరుగుదురు. తెలుగు పేరు మాత్రము అవ్వల నోటను, బతుకమ్మ పాటలలోను మిగిలినది. చేతితో చేసిన వస్తువు పేరు మరపునకు రాదు గదా! కావున ఆ పూవునే పూసలతో కుట్టింప దలచితిమి.

గాజుపూస మనకు క్రొత్త కాదు. పుదుచ్చేరి చెంతనున్న అరికమేడులో సుమారు రెండువేల యేండ్ల క్రిందటనే గాజును సన్నని గొట్టముగా సాగదీసి, ముక్కలుగా నరికి పూసలు చేసిరి. శ్రీకాళహస్తి ప్రాంతమునగల పాపానాయుడుపేట పనివారు ఆ పద్ధతిని 20వ శతాబ్దములోను నిలుపుకొనిరి.

పూస నంబరు మన నూలు నంబరు వంటిదే. నంబరు పెరిగినకొలది పూస చిన్నదగును. నేర్చుకొనువారికి 11వ నంబరు, అనగా సుమారు 2 మిల్లీమీటర్ల పూస అనుకూలము. పసుపు పూసలు, గోధుమరంగు పూసలు, సన్నని సూది, నైలాను దారము కావలయును.

ఇక పని చూతము. మొదట 10 గోధుమరంగు పూసలను ఎక్కించి, సూదిని ఆ పదింటిలోనుండి మరియొకసారి పోనిచ్చి, దారమును బిగించి చుట్టుగా చేయవలెను. పిమ్మట సూదిని మొదటి పూసలోనుండి వెలుపలికి తీసి, 5 పసుపు పూసలను ఎక్కించి, అదే పూసలోనికి మునుపు దూరిన వైపునుండియే మరల దూర్చి లాగవలెను. ఒక రేకు నిలుచును. తరువాత రెండవ, మూడవ పూసలలోనుండి సూదిని నడిపి, మూడవదానిపై రెండవ రేకును కుట్టవలెను. ఇట్లే ఒకటి విడిచి యొకటిగా 5, 7, 9వ పూసలపై కుట్టిన, తంగేటికి వలెనే అయిదు రేకులు వచ్చును. పూవునకు 35 పూసలు. తొమ్మిది పూల మాలకు 315. లెక్క తప్పిన రేకు వంకర పోవును. పడుగులో పోగు తప్పిన బట్ట గతియు నంతియే.

మేము చేసిన పొరపాటొకటి చెప్పెదము. ఇంటనున్న నూలుదారమే చాలునని మొదట తలచితిమి. బతుకమ్మ ఆట నడుమ ఒక బాలిక మాల తెగి, పూసలు నేలపాలయ్యెను. గాజు రంధ్రపు అంచు నూలును మెల్లమెల్లగా కోయును. తప్పు బాలికది కాదు, మాది. బీడీలు చుట్టి చేయి తిరిగిన ఆమె తల్లి మరునాడు నైలాను దారముతో ఆ మాలను తిరిగి కుట్టి చూపెను. రేకు రేకునకు దారము బిగించుట మే మామెవద్దనే నేర్చితిమి.

ఋతువు మారిన రంగు మార్చుకొనవచ్చును. సంక్రాంతికి మన మరాఠీ పొరుగిండ్లలో క్రొత్త కోడండ్రకు, పసిబిడ్డలకు నల్లని బట్టలపై తెల్లని చక్కెరపలుకుల నగలు పెట్టుదురు. వానిని చూచి తెల్లపూసల హారము కూర్చవచ్చును. ఉగాదికి వేపపూవు: నడుమ 5 లేతపసుపు పూసల చుట్టు, ఒక్కొక్క పూసపై 3 తెల్లపూసల రేకు, మొత్తము 20 పూసలు.

తల్లిదండ్రులకు మా విన్నపము. పిల్లలను పగటి వెలుతురులో అరగంట కూర్చుండబెట్టి, వారు కుట్టుచున్న పూవు పేరును మీరు తెలుగులో పలుకుడు. అవ్వ ఇంట నున్నయెడల ఆమెనే పలుకుమనుడు. పిల్లలారా! మాల పూర్తి యగునప్పటికి మీ నోట ఎన్ని పూల పేర్లు నిలిచెనో లెక్కించి మాకు చెప్పుడు.