అక్క పరీక్షకు నేనే పేషెంటు

మన గోడపత్రికలో ఛందస్సు గురించీ కథల గురించీ రాసుకుంటూ ఉంటాం. ఈసారి నేను నర్సింగ్ ప్రాక్టికల్ పరీక్ష గురించి రాస్తున్నాను. తెలుగు చదివే పిల్లకు దాంతో ఏం పని అనుకోకండి. రెండు నెలలుగా మా ఇంట్లో నేనే నిండు గర్భిణిని!

మా అక్క జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ మూడో సంవత్సరం. మోడల్ ప్రాక్టికల్‌లో తప్పింది. పని చేత కాక కాదు. పొట్ట పరీక్ష చేసేచోట బొమ్మ దగ్గరికి వెళ్లి నేరుగా చేతులు పెట్టేసింది. పలకరించలేదు, ఏం చేయబోతోందో చెప్పలేదు, ఒంటికి పోయి వచ్చారా అని అడగలేదు, తెర లాగలేదు. చెక్‌లిస్టులో మొదటి నాలుగు గళ్లూ ఖాళీ. "బొమ్మతో ఏం మాట్లాడేదే?" అని ఇంటికొచ్చి ఏడ్చింది.

ఈ పరీక్ష పద్ధతిని ఆస్కీ అంటారు. రొనాల్డ్ హార్డెన్, ఆయన తోటివాళ్లు 1975లో స్కాట్లండ్‌లోని డండీ నుంచి దీన్ని ప్రకటించారు. మొదట వైద్య విద్యార్థుల కోసం వచ్చింది. గదిలో వరసగా స్టేషన్లు ఉంటాయి. ఒక్కోచోట ఒక్కో పని. గంట కొడితే పక్కదానికి జరగాలి. అందరికీ అదే పని, అదే సమయం, అదే చెక్‌లిస్టు. పరీక్షించేవాళ్ల ఇష్టాయిష్టాలను బట్టి మార్కులు మారకూడదని ఈ ఏర్పాటు.

ఆ రాత్రి నుంచే మా ఇంట్లో స్టేషన్లు మొదలయ్యాయి. మంచం మీద నేను, చుట్టిన తువ్వాలు బిడ్డ, ఫోన్‌లో టైమర్. చేతిలో చెక్‌లిస్టు పట్టుకుని అక్క వదిలేసినవాటికి సున్నాలు చుట్టడం నా పని. అలా నేను నేర్చుకున్నవి కొన్ని చెప్తాను.

మొదటిది చేతులు కడగడం. సబ్బుతో మొత్తం 40 నుంచి 60 సెకన్లు పట్టాలి. అక్క తొందరలో బొటనవేళ్లూ గోళ్ల చివరలూ మరిచిపోయేది. మీరూ ఒకసారి గడియారం చూసి కడిగి చూడండి, మనం ఎంత తక్కువసేపు కడుగుతామో తెలుస్తుంది.

రెండోది పొట్ట పరీక్ష. కుడిపక్క నిలబడి, చేతులు రుద్దుకుని వెచ్చబరుచుకోవాలి. తర్వాత నాలుగు పట్లు. పైభాగంలో ఉన్నది తలా, పిరుదులా? వీపు ఏ పక్క ఉంది? కింద ఏ భాగం ఉంది? అది కటిలోకి ఎంత దిగింది? ఈ నాలుగో పట్టుకు మాత్రం తల్లి పాదాలవైపు తిరగాలి. వీపు ఉన్న పక్క బిడ్డ గుండె చప్పుడు వినాలి. నిమిషానికి 110 నుంచి 160 వరకు ఉంటే సరి.

మూడోది బిడ్డ పుట్టిన వెంటనే చేయాల్సింది. నిమిషంలోపు తల్లికి 10 యూనిట్ల ఆక్సిటోసిన్ కండకు ఇవ్వాలి. ఇవ్వకముందు కడుపులో ఇంకో బిడ్డ లేదని చూసుకోవాలి. అక్క ఇది మూడుసార్లు వదిలేసింది. "ఎందుకు చూడాలి?" అని అడిగాను. ఆ మందుకు గర్భసంచి గట్టిగా ముడుచుకుంటుంది, లోపల ఇంకో బిడ్డ ఉంటే ప్రాణం మీదికి వస్తుంది అని చెప్పింది. కారణం తన నోటితో తను చెప్పాక మళ్లీ మరవలేదు. ఇది మన పరీక్షలకూ పనికొచ్చే సూత్రమే.

నాలుగోది అప్గార్ లెక్క. వర్జీనియా అప్గార్ అనే మత్తు వైద్యురాలు 1952లో తయారుచేశారు. ఒంటి రంగు, గుండె వేగం, గిల్లితే స్పందన, కండల బిగువు, ఊపిరి. ఒక్కోదానికి 0, 1, 2 మార్కులు. పుట్టిన 1 నిమిషానికీ 5 నిమిషాలకీ వేస్తారు. కానీ బిడ్డ ఊపిరి తీయకపోతే లెక్క కోసం నిమిషం ఆగకూడదు, వెంటనే సాయం మొదలుపెట్టాలి.

ఒకరోజు కావాలనే, మాట్లాడకుండా చేయమన్నాను. సొంత అక్కే అయినా నా ఒళ్లు బిగుసుకుంది. అక్క ఆగిపోయి, "ఇట్లా బిగిస్తే లోపల ఏముందో చేతికి తెలియదు" అంది. పలకరింపు మర్యాద కోసమే అనుకున్నాం. అది పనిలో భాగమని మాకు అప్పుడు అర్థమైంది.

ఇక మన శాఖకు సంబంధించిన సంగతి. పోయిన నెల అక్క వార్డు డ్యూటీలో ఉండగా సూళ్లూరుపేట వైపునుంచి ఒకామె కాన్పుకు వచ్చింది. "పనిక్కుడం ఉడంజిదా?" అని తమిళంలో అడిగితే ఆమెకు అర్థం కాలేదు. అక్క తెలుగులో, "నీళ్లు పోయినాయా?" అంది. ఆమె, "ఇప్పుడే పోయొచ్చినా" అంది, మూత్రం సంగతి అనుకుని. పక్కనున్న ఆయమ్మ విని, "ఉమ్మనీరు పోయిందా అమ్మా?" అని అడిగింది. "తెల్లారుజామునే పోయింది" అంది ఆమె. అప్పటికి మధ్యాహ్నమైంది.

ఉమ్మనీరు పోయి ఎంతసేపైతే ఇన్ఫెక్షన్ భయం అంత పెరుగుతుంది. పచ్చగా పోతే బిడ్డ లోపలే మలవిసర్జన చేసిందని అర్థం, ఇంకా జాగ్రత్తగా చూడాలి. అక్క వెంటనే స్టాఫ్ నర్సుకు చెప్పింది. తల్లీ బిడ్డా బాగున్నారు. కానీ అక్క ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. "ఇంట్లో తెలుగు మాట్లాడతాం కదే, ఆ ఒక్క మాట నాకెందుకు రాలేదు?" అని అడిగింది. నేను తెలుగు సాహిత్యం చదువుతున్నాను. నాకూ రాదు.

అమ్మమ్మను కూర్చోబెట్టి అడిగి రాసుకున్నాం. పుస్తకంలో జరాయువు, ఇంట్లో మాయ. పుస్తకంలో నాభి రజ్జువు, ఇంట్లో బొడ్డుతాడు. ప్రసవం అంటే కాన్పు, గర్భాశయం అంటే గర్భసంచి. అక్క ఇప్పుడు నాతో ఇట్లా మొదలుపెడుతుంది: "అమ్మా, మీ పొట్ట చూస్తాను. బిడ్డ ఎట్లా ఉందో తెలుసుకోడానికి. ముందు ఒంటికి పోయి రండి. నొప్పిగా ఉంటే చెప్పండి, ఆపేస్తాను." పరీక్షలో తను మాట్లాడేది తమిళమే. అయినా మాట్లాడే అలవాటు మాత్రం ఈ మంచం దగ్గరే తెలుగులో వచ్చింది.

అసలు పరీక్ష వచ్చే సోమవారం. నిన్న చెక్‌లిస్టులో నేను ఒక్క సున్నా కూడా చుట్టలేదు.

చెన్నైలో మన ఇళ్లల్లో కూరగాయల పేర్లు, చుట్టరికాలు తెలుగులో నిలిచాయి. ఒంటికి సంబంధించిన మాటలు మాత్రం అమ్మమ్మల దగ్గరే ఆగిపోతున్నాయి. అందుకే ఈ కాగితం కింద ఖాళీ వదిలాను. మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగి కాన్పుకు, జ్వరానికి, నొప్పికి వాడే మాటలు తలా ఒకటి రాయండి. మాట పక్కన మీ ఊరి పేరు కూడా రాయండి. పెన్ను దారం కట్టి పెట్టాను.