లబ్ధిదారునిపైనా బాధ్యత ఉంది

అమానత్ అనగానే మనకు ధర్మకర్త గుర్తుకొస్తాడు. లెక్కలు చూపవలసినవాడు, హక్కుదారులకు అప్పగించవలసినవాడు అతనే కదా అనుకుంటాం. మరి వాటా అందుకునే లబ్ధిదారునిపై ఏ బాధ్యతా లేదా? ఈ విషయాన్ని ఒక ఉదాహరణతో పరిశీలిద్దాం.

జమ్మికుంట పత్తి మార్కెట్ దగ్గర ఒక తండ్రికి కొన్ని దుకాణాలు ఉన్నాయనుకుందాం. ఆయన వాటిని కుటుంబ ట్రస్టుగా చేసి, తన తమ్ముణ్ణి ధర్మకర్తగా నియమించాడు. అద్దెలు ఇద్దరు కొడుకులకు, వితంతువైన కూతురికి సమానంగా అందాలని రాశాడు. ఇలాంటి ట్రస్టులకు 1882 నాటి భారత ట్రస్టుల చట్టం వర్తిస్తుంది. వక్ఫ్ నియమాల జోలికి ఆ చట్టం వెళ్లదు. వక్ఫ్‌కు 1995 నాటి ప్రత్యేక చట్టం ఉంది. దాన్ని 2025లో సవరించారు.

మొదటి విషయం అప్పు. దుకాణాల మరమ్మతుకు ధర్మకర్త సిమెంటు అరువు తెచ్చాడు. సాధారణంగా ఆ బాకీకి వ్యాపారి కూతురి ఇంటి తలుపు తట్టలేడు. ధర్మకర్తే చెల్లించి, సక్రమమైన ఖర్చును ట్రస్టు ఆస్తి నుండి రాబట్టుకోవాలి (32వ సెక్షన్). అయితే ఆస్తి పూర్తిగా ఒకే వయోజన లబ్ధిదారునిదైతే, ధర్మకర్త నష్టాన్ని అతను స్వయంగా భరించవలసి రావచ్చు. హాంకాంగ్ నుండి వచ్చిన హార్డూన్, బెలిలియోస్ వ్యాజ్యంలో 1901లో ప్రీవీ కౌన్సిల్ ఇలాగే తీర్పు చెప్పింది.

రెండవది, పొరపాటున ఎక్కువ అందిన సొమ్ము. దాన్ని లబ్ధిదారుని వాటా నుండి మినహాయించవచ్చు. వాటా మిగలకపోతే, అతని నుండే వసూలు చేయవచ్చు.

మూడవది అన్నిటికన్నా తీవ్రమైనది. పెద్ద కొడుకు చిన్నాన్నను ఒప్పించి, ఒక దుకాణం అద్దెనంతా తన వ్యాపారానికి వాడుకున్నాడు. చిన్న కొడుకు ఒక్క రూపాయి కూడా తీసుకోలేదు, కానీ విషయం తెలిసీ చెల్లెలికి చెప్పలేదు. 68వ సెక్షన్ ప్రకారం ద్రోహంలో పాలుపంచుకున్నవాడే కాదు, తెలిసి దాచినవాడూ, తగిన సమయంలో ఇతరుల హక్కును కాపాడే ప్రయత్నం చేయనివాడూ బాధ్యులే. నష్టం తీరేవరకు అన్నదమ్ములిద్దరి వాటాలనూ నిలిపివేయించే హక్కు ఆ చెల్లెలికి ఉంది.

అమానతులను హక్కుదారులకు అప్పగించాలని నిసా అధ్యాయం 58వ వాక్యం ఆదేశిస్తోంది. పరుల సొమ్మును అన్యాయంగా తినడాన్ని బఖరా అధ్యాయం 188వ వాక్యం వారిస్తోంది. సాక్ష్యాన్ని దాచడం పాపమని అదే అధ్యాయం 283వ వాక్యం హెచ్చరిస్తోంది. "నేను తినలేదు కదా" అన్న సాకు చట్టం ముందు నిలవనప్పుడు, అల్లాహ్ సన్నిధిలో ఎలా నిలుస్తుంది?

కనుక వాటా అందుకునే ప్రతి ఒక్కరూ ట్రస్టు దస్తావేజు, లెక్కలు చూడాలి. వాటి నకళ్లు తీసుకునే హక్కు 57వ సెక్షన్ ఇస్తోంది. తేడా కనిపిస్తే ముందుగా ధర్మకర్తను రాతపూర్వకంగా అడగాలి. మిగతా హక్కుదారులకు, ముఖ్యంగా వితంతువులకు, అనాథలకు ఆలస్యం చేయకుండా తెలియజేయాలి. అప్పటికీ సరిదిద్దకపోతే సివిల్ కోర్టును ఆశ్రయించాలి. ఇంట్లో మనస్పర్థలు వస్తాయని మౌనం వహిస్తే, నష్టపోయేది నోరు లేనివారే.