స్వైన్ ఫ్లూకు మందు ఉందా? ఎప్పుడు పనిచేస్తుంది?



జ్వరాల కాలం వస్తే మా ఓ.పి.లో అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే. "సిస్టర్, స్వైన్ ఫ్లూకు మందు ఉందా?" ఉంది. అయితే అది ఎంత బాగా పనిచేస్తుందన్నది మీరు ఏ రోజున ఆసుపత్రికి వచ్చారన్న దానిని బట్టి ఉంటుంది.

మన దేశంలో మొదటి స్వైన్ ఫ్లూ కేసు 2009 మే నెలలో హైదరాబాదులోనే బయటపడింది. 2010 ఆగస్టులో మహమ్మారి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది గాని వైరస్ పోలేదు. ఏటా వచ్చే ఫ్లూలలో ఒకటిగా మన మధ్యనే తిరుగుతోంది. 2015లో తెలంగాణలోను, ఇతర రాష్ట్రాలలోను మళ్ళీ చాలామందికి సోకింది. పేరులో పంది ఉన్నా ఇప్పుడిది దగ్గు, తుమ్ముల ద్వారా మనిషి నుండి మనిషికే వస్తుంది.

దీనికి వాడే ముఖ్యమైన మందు ఒసెల్టమివిర్. టామీఫ్లూ అంటే మీకు తెలుస్తుంది. వైరస్ మన గొంతులోని, ఊపిరితిత్తులలోని కణాలలో చేరి తనవంటి వాటిని వేలకొలది పుట్టిస్తుంది. ఆ కొత్త వైరస్‌లు కణానికి అతుక్కొని ఉంటాయి. వాటిని తెంపి వదిలే కత్తెర వంటి పదార్థం వైరస్ మీదే ఉంటుంది. ఈ మందు ఆ కత్తెరను పనిచేయనివ్వదు. అందువలన వైరస్ పక్క కణాలకు పాకలేదు. కాని అప్పటికే జరిగిన నష్టాన్ని ఈ మందు బాగుచేయలేదు. అందుకే జ్వరం మొదలైన 48 గంటలలోపు వాడితే మంచి ఫలితం ఉంటుంది.

ఉన్నమాట చెప్పాలి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి ఈ మందు జబ్బును సుమారు ఒక్క రోజు తగ్గిస్తుంది, అంతే. వారిలో ఎక్కువమంది విశ్రాంతి, పారాసిటమాల్, గంజి, మజ్జిగలతోనే కోలుకుంటారు. మందు అవసరం ఎక్కువగా ఉన్నది గర్భవతులకు, చిన్నపిల్లలకు, వృద్ధులకు, ఆస్తమా, షుగరు, గుండె, కిడ్నీ జబ్బులున్నవారికి. వీరికి రిపోర్టు వచ్చేవరకు ఆగకుండానే డాక్టరుగారు మందు మొదలుపెడతారు. జబ్బు ముదిరి వార్డులో చేరినవారికి 48 గంటలు దాటినా ఇస్తాము.

ఒకసారి ఏడవ నెల గర్భవతిని అయిదవ రోజున ఆయాసంతో తీసుకొచ్చారు. కడుపుతో ఉన్న పిల్లకు మందులు పడవని అత్తగారు అన్నాళ్ళూ కషాయం ఇచ్చారట. తల్లీబిడ్డా దక్కారు గాని ఆ అమ్మాయి చాలా రోజులు ఆక్సిజన్ మీదే ఉంది. ఆ పెద్దావిడను నేను తప్పుపట్టను, భయపడింది. కాని గర్భవతులకు ఈ మందు ఇవ్వవచ్చు, ఆలస్యం చేయకుండా ఇవ్వాలి.

ఫ్లూకు వాడిన పాత మందు అమంటడిన్ ఈ వైరస్‌పై పనిచేయదు. 2012లో అమెరికాలో పశువుల ప్రదర్శనలకు వెళ్ళిన 300 మందికి పైగా, ముఖ్యంగా పిల్లలకు, పందుల నుండి మరో రకం ఫ్లూ సోకింది. దానిపైన కూడా అమంటడిన్ పనికిరాలేదు, ఒసెల్టమివిర్‌కు మాత్రం అది లొంగేదే. ఇక మందుల షాపులో అడిగి తెచ్చుకొనే యాంటీబయాటిక్ ఏ ఫ్లూ వైరస్‌నూ చంపదు. నిమోనియా తోడైతే అది వేరే సంగతి.

పెద్దలకు 75 మిల్లీగ్రాముల గొట్టం ఉదయం ఒకటి, రాత్రి ఒకటి, అయిదు రోజులు. పిల్లలకు బరువును బట్టి ఇస్తారు, కిడ్నీ జబ్బు ఉంటే మోతాదు తగ్గిస్తారు. కొందరికి వాంతి వస్తుంది, అన్నం తిన్నాక వేసుకుంటే నయం. జ్వరం తగ్గిందని రెండవ రోజునే మానేసి, మిగిలినవి పక్కింటివారికి ఇవ్వకండి. 2009కి ముందు తిరిగిన మామూలు ఫ్లూలో ఒక రకం ఈ మందుకు లొంగకుండా మారిపోయింది. స్వైన్ ఫ్లూ వైరస్‌లో అలాంటి మార్పు అరుదుగానే కనబడుతోంది.

ఆయాసం, ఛాతీలో నొప్పి, పెదవులు నీలంగా మారడం, మగత, పసిబిడ్డ పాలు తాగకపోవడం, తగ్గిన జ్వరం తిరగబెట్టడం, వీటిలో ఏది కనబడినా రాత్రి అయినా సరే తీసుకురండి. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకొని, వరుసలో నిలబడకుండా ముందు సిస్టరుకు చెప్పండి. జ్వరం ఏ రోజు, ఏ పూట మొదలైందో ఒక చీటీ మీద రాసి తెండి. డాక్టరుగారు మొదట అడిగేది అదే.