మాయల ఫకీరు ప్రాణం: బాలల కథలలో భయం, భద్రత

పిల్లలు తమంతట తాము కోరి వినే కథలలో భయం లేని కథ అరుదు. మర్రిచెట్టు మీది దయ్యం, అడవిలోని పులి, ఏడు సముద్రాల అవతలి రాక్షసుడు లేని కథను మనం చెప్పబోతే పిల్లవాడు మధ్యలోనే లేచిపోతాడు. పగలు కుక్క మొరిగితే తల్లి కొంగు పట్టుకొనే బిడ్డ, రాత్రి రాక్షసుని కథనే మళ్ళీ మళ్ళీ చెప్పమంటాడు. భయపెట్టే కథ బిడ్డకు ధైర్యాన్ని ఎట్లా ఇస్తున్నది? అదే భయం కథ నుండి బయటికి వచ్చినప్పుడు ఎందుకు విషమవుతున్నది? మన ప్రాంతంలో వినవచ్చే కథలను ముందుంచుకొని ఈ రెండు ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

బాలనాగమ్మ కథ తెలుగునాట ఎంత ప్రసిద్ధమో చెప్పనవసరం లేదు. బుర్రకథగా ఊరూరా తిరిగిన ఈ కథను 1942లో జెమినీ వారు చలనచిత్రంగా తీశారు. పెద్దలకు ఇది పాతివ్రత్యపు కథ. పిల్లలకు మాత్రం ఇది తల్లిని పోగొట్టుకొన్న బిడ్డ కథ. మాయల ఫకీరు బాలనాగమ్మను కుక్కగా మార్చి తీసుకొనిపోతాడు. ఉయ్యాలలో పసివాడు మిగిలిపోతాడు. ఆ పసివాడే బాలవర్ధిరాజుగా పెరిగి, తల్లిని వెదుకుతూ బయలుదేరి, పూలదండలు కట్టే ముసలమ్మ ఇంట మనుమడుగా తలదాచుకొని, తల్లిని కలుసుకొంటాడు. ఫకీరు ప్రాణం ఫకీరులో లేదనీ, ఏడు సముద్రాల అవతల ఒక చిలుకలో ఉన్నదనీ తల్లి వలననే తెలుసుకొంటాడు. మైలవరం ప్రక్కనే గండికోట ఉన్నందున ఇక్కడి పిల్లలకు కోట అంటే ఏమిటో, లోయ అంటే ఏమిటో వివరించే శ్రమ కూడా కథకురాలికి లేదు.

ఇంగ్లండుకు చెందిన మనోవైద్యుడు జాన్ బౌల్బీ 1969, 1973 సంవత్సరాలలో వెలువరించిన సంపుటాలలో శిశువు భయాలకు మూలం తల్లి నుండి ఎడబాటు అని విస్తారంగా చర్చించాడు. బిడ్డకు ఒక ఆశ్రయస్థానం ఉన్నదన్న నమ్మకం కుదిరితేనే వాడు దూరం వెళ్ళి లోకాన్ని చూడగలడన్నది ఆయన సిద్ధాంతసారం. బాలనాగమ్మ కథ ఈ ఎడబాటును దాచలేదు. ఉయ్యాల దగ్గర నుండే మొదలు పెట్టింది. కాని బిడ్డను దిక్కులేని వానిగా వదలిపెట్టలేదు. దారిలో ఒక ముసలమ్మను నిలిపింది. మన కథలలో రాజకుమారుడు ఏ కొత్త పట్టణానికి వెళ్ళినా అక్కడ పేదరాశి పెద్దమ్మ ఇల్లొకటి ఉంటుంది గదా! ఆమె ఊరు, పేరు, కులం ఎవరూ అడగరు. అన్నం పెడుతుంది, ఊరి సంగతి చెబుతుంది, ప్రమాదమెక్కడున్నదో హెచ్చరిస్తుంది. లోకంలో పరాయి గడప కూడా మనను ఆదుకొంటుందని బిడ్డకు తెలిపే పాత్ర ఇంతకంటె మరొకటి మాకు కనిపించదు.

ఇక చిలుక. రాక్షసుని ప్రాణం వేరొక చోట దాగి ఉండటం ఒక్క తెలుగు కథలోనే కాదు. రష్యా దేశపు కథలలో కొష్చేయి అనే వాని ప్రాణం గుడ్డులోని సూదిలో ఉంటుంది. ప్రపంచ జానపద కథల వర్గీకరణలో ఈ రకానికి 302 అనే సంఖ్యనే కేటాయించారు. మా ఇండ్లలో దక్కనీ ఉర్దూలో చెప్పుకొనే కథలలోనూ దేవు ప్రాణం చిలుకలోనే ఉంటుంది. దీని మనస్తత్వ రహస్యం సులభం. ఎంత పెద్ద భయానికైనా ఒక చోటు ఉన్నది, ఆ చోటు చిన్నది, దాన్ని చేరితే భయం ముగుస్తుంది. ఏడు చేపల కథ కూడా ఇంతే. ఎండని చేప నుండి గడ్డిమేటుకు, ఆవుకు, పాలేరుకు, అవ్వకు, ఏడ్చే పాపకు ప్రశ్నలు సాగి సాగి చివరకు ఒక చీమ దగ్గర ఆగుతాయి. ఇంతటి గందరగోళానికి మూలం వ్రేలెడు కూడా లేని ప్రాణి!

కథ ఏమి చెబుతున్నదన్నది ఒక ఎత్తు, దాన్ని ఎట్లా చెబుతున్నామన్నది మరొక ఎత్తు. 1924లో అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అనే శాస్త్రజ్ఞురాలు కుందేలంటే భయపడే పీటర్ అనే మూడేండ్లు నిండని బాలునిపై చేసిన ప్రయోగాన్ని ప్రకటించింది. బాలుడు ఇష్టమైన తిండి తింటూ ఉండగా కుందేలును గది దూరపు మూలన ఉంచి, కొద్దికొద్దిగా దగ్గరికి తెచ్చింది. చివరకు బాలుడు దాన్ని చేతితో నిమిరాడు. ఇది చదివినప్పుడు మాకు తోచినది మన వెన్నెల రాత్రుల గోరుముద్దలే. అవ్వ ఒడిలో పిల్లవాడు. ముద్ద నోటిలో. పులి ఇంకా అడవిలో. మరొక ముద్దకు పులి ఊరి పొలిమేరకు వస్తుంది. పిల్లవాడు బిగుసుకొంటే అవ్వ పులిని ఆపుతుంది. కథ పగ్గాలు బిడ్డ చేతిలోనే ఉన్నవి. బ్రూనో బెటెల్‌హైమ్ 1976లో పాశ్చాత్య దేశాల కథల మీద ఇటువంటి అర్థంతోనే పెద్ద గ్రంథం వ్రాశాడు. ఆయన పద్ధతిపై తరువాత తీవ్ర విమర్శలు వచ్చాయి. మన అవ్వలకు ఆయన సాక్ష్యం అవసరం లేదులెండి.

జోన్స్ ప్రయోగానికి నాలుగేండ్ల ముందు, 1920లో, వాట్సన్, రేనర్ అనేవారు దీనికి సరిగ్గా విరుద్ధమైన పని చేశారు. పదకొండు నెలల ఆల్బర్టు అనే శిశువు తెల్ల ఎలుకను ముట్టబోయినప్పుడల్లా వెనుక నుండి ఇనుప కడ్డీపై సుత్తితో కొట్టారు. కొద్ది రోజులకు ఎలుక కనిపిస్తేనే శిశువు ఏడ్చాడు. అంతటితో ఆగలేదు, కుందేలును చూసి, కుక్కను చూసి, ఉన్ని కోటును చూసి, చివరకు తెల్లగడ్డం ఉన్న ముసుగును చూసి కూడా భయపడ్డాడు. ఆ భయాన్ని తొలగించే ప్రయత్నం జరుగలేదు.

"అన్నం తినకపోతే ఫకీరుకు పట్టిస్తాను" అనే మాట ఈ ఇనుప కడ్డీ వంటిది. ఇందులో ఉయ్యాల లేదు, ముసలమ్మ లేదు, చిలుక లేదు. భయానికి చోటు లేదు గనుక అంతమూ లేదు. అది ఆల్బర్టు భయం వలెనే పోలికను పట్టుకొని ప్రాకుతుంది: ఆకుపచ్చ అంగీకి, గడ్డానికి, జోలెకు, నెమలీకల కట్టకు. విచిత్రమేమంటే మన రాయలసీమ పల్లెలలో బిడ్డ జడుసుకొంటే తల్లులు పరుగెత్తేది ఆ నెమలీకల కట్ట దగ్గరికే. సాయంకాలపు నమాజు ముగిసే వేళకు మసీదు మెట్ల వద్ద బిడ్డలనెత్తుకొని మంత్రింపు కోసం, తాయెత్తు కోసం నిలబడే తల్లులలో హిందువులెందరో, ముస్లిములెందరో ఎవరూ లెక్కించరు. మధ్యాహ్నం బిడ్డను ఎవరి పేరు చెప్పి భయపెట్టారో, సాయంత్రం వారి చేతనే ఆ భయాన్ని దించుకొంటున్నారు!

ఇది నవ్వి ఊరుకొనే సంగతి కాదు. 2018 మే నెలలో పిల్లలనెత్తుకొనిపోయే ముఠాలు తిరుగుతున్నవన్న వదంతి సెల్‌ఫోన్ల ద్వారా తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పల్లెలలో వ్యాపించింది. బాటసారులు, బిచ్చగాండ్రు, మతి స్థిమితం లేనివారు మూకల చేత చిక్కి దెబ్బలు తిన్నారు. కొందరు ప్రాణాలు కోల్పోయారు. దానికి కారణాలు అనేకం. కాని జోలె వేసుకొన్నవాడు పిల్లలనెత్తుకొనిపోతాడన్న మాటను ఆ మూకలలోనివారు మొట్టమొదట సెల్‌ఫోనులో చదువలేదు.

అట్లని మాయల ఫకీరును కథ నుండి వెళ్ళగొట్టాలని మేము అనము. 1942 నాటి చిత్రంలో అతడు మాయల మరాఠీ అయినాడు. గోవిందరాజుల సుబ్బారావు ఆ పాత్రలో ఎంతో పేరు పొందాడు. వేషం మారినా కథ చెడలేదు. చిలుక ఉన్నంతవరకు చెడదు. మరాఠీ అయినా, వంగదేశపు జోలపాటలలోని బర్గీలైనా ఒకప్పటి దండయాత్రల జ్ఞాపకాలే. మన బూచి కూడా బొబ్బిలి యుద్ధం నాటి ఫ్రెంచి సేనాని బుస్సీ పేరే అని కొందరంటారు. నిజమో కాదో గాని, పెద్దల భయాలకు పిల్లల ఉయ్యాలలు కొయ్యలైనవని ఆ మాట వలన తెలుస్తున్నది.

నిజమైన ప్రమాదానికి బూచిని అడ్డు పెట్టడం మరొక పొరపాటు. మైలవరం జలాశయం వద్ద ఆడుకొనే పిల్లవానికి నీళ్ళలో దయ్యమున్నదని చెబితే, దయ్యం లేదని తెలిసిన నాడు నీళ్ళంటే కూడా లెక్క ఉండదు. లోతు ఎంతో చూపి, ఈత నేర్పడమే మార్గం. "నాన్నా పులి" కథను కూడా అయిదేండ్ల లోపు పిల్లలకు చెప్పరాదని మా అభిప్రాయం. అబద్ధమాడరాదన్న నీతి పెద్దలకు వినిపిస్తుంది. పిలిచినా నాన్న రాలేదన్నదే పిల్లలకు వినిపిస్తుంది.

సెలవులకు ఇండ్లకు వెళ్ళే మన విద్యార్థులు తమ అవ్వలను, జేజిలను, నానీలను, దాదీలను అడిగి ఒక్కొక్క కథ వ్రాసి తేవలసిందిగా కోరుతున్నాము. కథతో పాటు రాక్షసునికి ఏ పేరు పెట్టారో, వాని ప్రాణం ఎక్కడ దాచారో, వింటున్న బిడ్డ ఏ చోట ఆపి మళ్ళీ చెప్పమన్నాడో గుర్తించండి. తెలుగులో చెప్పినది తెలుగులో, ఉర్దూలో చెప్పినది ఉర్దూలో వ్రాయండి. అవ్వ మాటను దిద్దవద్దు.