మూడు మాత్రలకూ బీపీ దిగకపోతే

పోయిన పంట గూళ్ళు అమ్ముకొచ్చినాక మనవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఒకే మాట అడిగారు: "రోజూ మాత్రలేసుకుంటున్నాం, బీపీ 160 కింద దిగదు, ఎందుకన్నా?" మేము డాక్టర్లం కాము. అడిగి, చదివి తెలుసుకున్నది రాస్తున్నాం.

మూడు రకాల మాత్రలు, అందులో ఒకటి మూత్రం ఎక్కువ పోయేది, సరైన మోతాదులో వేసుకున్నా బీపీ 140/90 పైనే ఉంటే దాన్ని మందులకు లొంగని బీపీ అంటారు. అట్లే వదిలేస్తే పక్షవాతం, గుండెపోటు, కిడ్నీ చెడిపోవడం. పురుగు ఆకు ముట్టకపోతే మనం ఇంకొంచెం ఆకు వేసి ఊరుకోం కదా. గదిలో వేడి, తేమ చూస్తాం, ఆకుకు ఏ మందు కొట్టారో అడుగుతాం. ఇదీ అంతే.

ముందు కొలత సరిగా ఉందా చూడాలి. ఆకు మోపు దించి వెంటనే చెయ్యి చాపితే ఎక్కువే చూపిస్తుంది. ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని, వీపు ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టాలి. టీ, బీడీ అయ్యి అరగంట దాటాలి. మేత హడావిడిలో మాత్ర మరిచిపోయే రోజులూ లెక్కేసుకోండి.

మన ఇళ్ళలో అసలు దొంగ నొప్పి మాత్ర. పురుగు మొత్తం మేతలో 80 శాతం పైన ఐదో దశలోనే తింటుంది. ఆ వారం ఆకు కోసి, మోసి నడుములు పోతాయి. షాపులో డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ తెచ్చుకుని మింగుతాం. అవి ఒంట్లో ఉప్పునూ నీళ్ళనూ నిలబెడతాయి, బీపీ మందు పని తగ్గిస్తాయి. డాక్టరు "వేరే మాత్రలేమైనా వాడుతున్నారా?" అంటే వీటి సంగతి చెప్పం. నొప్పి మాత్ర మన లెక్కలో మాత్రే కాదు! కొన్ని జలుబు మాత్రలు, స్టెరాయిడ్లు, దగ్గుకని రోజూ నమిలే అతిమధురం కూడా బీపీ పెంచుతాయి. ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలి. ఊరగాయలో, బజ్జీలో ఉన్నదీ ఆ లెక్కలోదే.

గురక సంగతి ఇంట్లో ఆడవాళ్ళను అడగండి. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంటే బీపీ దిగదు. పగలు కునుకు వస్తే రాత్రి మేత వల్లే అనుకుని వదిలేస్తుంటాం.

ఇంకొకటి చాలామందికి తెలియదు. కిడ్నీల మీద టోపీల్లా అడ్రినల్ గ్రంథులుంటాయి. అవి ఆల్డోస్టిరాన్ అనే హార్మోను ఎక్కువ వదిలితే ఉప్పు ఒంట్లో ఆగి, పొటాషియం మూత్రంలో పోతుంది. 1955లో అమెరికా డాక్టరు జెరోమ్ కాన్ ఈ జబ్బు గురించి రాశారు. చాలా ఏళ్ళు అరుదే అనుకున్నారు. ఇప్పుడు చూస్తే మందులకు లొంగని బీపీ ఉన్న పదిమందిలో ఒకరిద్దరికి ఇదే కారణం. కాళ్ళు పట్టేయడం, నీరసం ఉండొచ్చు, ఏమీ లేకపోనూవచ్చు. పొటాషియం మామూలుగా ఉన్నా జబ్బు ఉండొచ్చు. ఆల్డోస్టిరాన్, రెనిన్ రక్త పరీక్షతో పట్టుకుంటారు. చాలామందికి స్పైరనోలాక్టోన్ మాత్రతో అదుపులోకి వస్తుంది, ఒకవైపు గ్రంథిలోనే గడ్డ ఉంటే ఆపరేషన్ చేస్తారు. ఊరి ఆసుపత్రిలో ఈ పరీక్ష దొరకకపోతే బళ్ళారి పెద్దాసుపత్రికి చీటీ రాయించుకోండి. కిడ్నీ రక్తనాళం సన్నబడటం, థైరాయిడ్ కూడా అక్కడే చూపించుకోవచ్చు.

పోయేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రలు, పొడులు, కషాయాలు అన్నీ ఒక సంచిలో వేసుకుని పోండి. బీపీ మాత్ర ఏదీ మీ అంతట మీరు ఆపొద్దు, పరీక్ష కోసమైనా సరే.