ప్రయాణీకుని మూట – పరదేశపు పురుగు

గుంటూరు, ప్రకాశం జిల్లాల నుండి చదువులకు, ఉద్యోగములకు విదేశములకు పోవువారి పెట్టెలలో బట్టలకంటె పచ్చళ్ళకే ఎక్కువ చోటు దక్కుచున్నదనుట అతిశయోక్తి కాదు. ఎండుమిరపకాయలు, కందిపప్పు, ధనియాలు, కరివేపాకు, ఆవకాయ, గోంగూర – తల్లి మూటగట్టి ఇచ్చును, బిడ్డ కాదనలేడు. ఈ మూట సిడ్నీలోనో, ఆక్లండులోనో విమానాశ్రయపు అధికారి బల్లపైకి ఎక్కినప్పుడు చిక్కు ప్రారంభమగును. అధికారి దానిని విప్పించి, మిరపకాయలను తీసి పారవేయించినచో, మన తిండియన్న వారికి చులకన అని మనవారు నొచ్చుకొనుచుందురు. ఈ నొచ్చుకోలు ఎంతవరకు సమంజసమో పరిశీలింతము.

అధికారి వెదకునది మిరపకాయను కాదు; అందులోనో, దానిని కట్టిన సంచి కుట్లలోనో దాగియుండదగిన జీవిని. అట్టి జీవులలో మిక్కిలి భయంకరమైనది ఖాప్రా పెంకుపురుగు. ఇది పుట్టుకతో మన దేశపు పురుగే. ఎదిగిన పురుగు రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు, రెక్కలున్నను ఎగురదు. అట్టిది సముద్రములు దాటుటకు మనుష్యుడే దానికి వాహనము. దీని డింభకము ఒడలెల్ల నూగుతో నుండి, గోడ పగుళ్ళలో, గోనెసంచి మడతలలో దూరి, తిండి లేకున్నను సంవత్సరముల తరబడి ప్రాణము నిలుపుకొనగలదు. తిండి దొరికిన నాడు మేల్కొని, గాదెలోని ధాన్యమును పొట్టుగా మార్చును. 1953లో ఇది కాలిఫోర్నియా గిడ్డంగులలో బయటపడగా, దానిని నిర్మూలించుటకు అమెరికా వారికి పది సంవత్సరములకు పైగా పట్టినది. గిడ్డంగులకు గిడ్డంగులనే గుడ్డలతో కప్పి విషవాయువు పట్టించవలసి వచ్చినది. గోధుమ ఎగుమతిపై ఆధారపడిన ఆస్ట్రేలియా ఈ పురుగు పేరు వినిన ఉలికిపడుటలో వింత లేదు. 2020లో ఆ దేశము బియ్యము, శనగలు, కందులు, పెసలు, ధనియాలు, జీలకర్ర మొదలగు వానిని ప్రయాణీకులు తమ సామానులో తెచ్చుటను నిషేధించినది. ఆ పట్టికలో ఎండుమిరపకాయ కూడ కలదు. మన వంటింటి అలమర అంతయు ఆ పట్టికలో నున్నట్లు తోచును!

కరివేపాకు సంగతి మరియొకటి. పచ్చి కరివేపాకును అమెరికాలోనికి రానీయరు. ఆ ఆకుపై బ్రతుకు సిల్లా అను చిన్న పురుగు నిమ్మ, నారింజ చెట్లకు గ్రీనింగ్ అను తెగులును మోసికొనిపోవును. తెగులు సోకిన చెట్టుకు మందు లేదు. ఫ్లోరిడా రాష్ట్రమున 1998లో ఆ పురుగు కనబడినది. 2005లో తెగులు కనబడినది. అటుపిమ్మట అచ్చటి నారింజ తోటలు ఎట్లు క్షీణించినవో లోకమెరుగును. చారులో వేయు రెండు రెబ్బల వెనుక ఇంత కథ ఉన్నదని మన ఇల్లాండ్రు ఊహింపలేరు.

ఈ చట్టములలో గ్రహింపవలసిన ముఖ్యాంశమొకటి కలదు. వాటి కఠినత్వమంతయు వస్తువును తెచ్చుటపై కంటె, తెచ్చిన దానిని చెప్పకపోవుటపై నున్నది. విమానములో ఇచ్చు పత్రమున ఆహారపదార్థములు కలవా అను ప్రశ్నకు ఔనని వ్రాసినచో, అధికారి చూచును; అనుమతింపదగినది తిరిగి ఇచ్చును, తగనిది తీసికొనును. అంతటితో సరి, అపరాధము లేదు. లేదని వ్రాసి, పెట్టెలో దొరికినచో వ్యవహారము మారిపోవును. న్యూజీలాండులో అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా. ఆస్ట్రేలియాలో 2015 నాటి జీవభద్రతా చట్టము క్రింద జరిమానా వేల డాలర్ల వరకు పోవచ్చును. ప్రవేశానుమతిని రద్దుచేయు అధికారము కూడ కలదు. 2019 అక్టోబరులో వియత్నాం నుండి పంది మాంసము మొదలగునవి చెప్పకుండ తెచ్చిన ఒక స్త్రీని సిడ్నీ నుండియే వెనుకకు పంపినారు. ఆఫ్రికా పందిజ్వరము ఆసియాలో వ్యాపించుచున్న దినములవి.

ఇందులో నాకు న్యాయముగ తోచనిదొకటి కలదు. చట్టము మంచిదే, అది ఎవరికి అందుచున్నది అనునదే ప్రశ్న. కుమార్తె కాన్పునకు మొదటిసారి విమానమెక్కిన తల్లి, ఆంగ్లములో నున్న పత్రమును ప్రక్కసీటు వానిచేత నింపించుకొని వ్రేలుపెట్టి చూపినచోట సంతకము చేయును. 'ఆహారము' అనగా అన్నము కూరలే గాని, చీరమడతలో చుట్టిన శొంఠిముక్క, వాముపొట్లము ఆహారమని ఆమెకు తోచదు. అబద్ధమాడు ఉద్దేశమే లేని మనిషి అపరాధిగా నిలుచును. టికెట్టు అమ్మువారు తెలుగునను, ఉర్దూలోను ఒక చిన్న కాగితము అచ్చువేసి ఇచ్చిన ఈ తంటా చాలవరకు తీరును. అంతవరకు, ఇంటిలో ఆంగ్లము చదివినవారే పెద్దల పెట్టెలోని ప్రతి పొట్లమును ముందుగా చదివి వ్రాయవలెను. సందేహమున్నచో 'ఔను' అని వ్రాయవలసినదిగా ఆస్ట్రేలియా వారు తామే చెప్పుచున్నారు.

ఇక మన చేల వైపు చూచినచో, పొరుగువారి భయము మనకు చక్కగా అర్థము కాగలదు. 2021 చివరి మాసములలో అప్పటి గుంటూరు, ప్రకాశం జిల్లాలలోని మిరప తోటలపై ఒక క్రొత్త తామరపురుగు విరుచుకుపడినది. మన రైతునకు తామరపురుగు క్రొత్త కాదు. ఆకులను పైకి ముడుచు 'పైముడత'ను అతడు తాతల నాటి నుండి ఎరుగును. ఈ నల్ల తామరపురుగు మాత్రము ఆకును మించి పువ్వునే పట్టినది. ఒక్కొక్క పువ్వు విదిలించిన అరచేతిలో నల్లని నలుసులు పదులకొలది కదలినవి. పూత రాలినది, నిలిచిన కాయ వంకర తిరిగినది. మందుపై మందు చల్లిరి, అది లొంగలేదు. ఎకరమునకు లక్ష దాటిన పెట్టుబడిని మట్టిలో పోసిన కౌలురైతు, కళ్ళెదుట కళకళలాడవలసిన తోటను తన చేతితోనే పీకివేసినాడు. త్రిప్స్ పార్విస్పైనస్ అను ఈ పురుగు ఆగ్నేయాసియాకు చెందినది. మన దేశమున 2015లో బెంగుళూరు వద్ద బొప్పాయిపై మొదట గుర్తించినారు. బొప్పాయి నుండి మిరపకు చేరుటకు దానికి ఆరేండ్లు చాలినవి. ఇది ఒక ప్రయాణీకుని సంచిలో వచ్చినదని నేననుట లేదు. మొక్కల వ్యాపారము ఇట్టి పురుగులకు పెద్ద త్రోవ. కాని పురుగునకు పెద్ద త్రోవయనియు చిన్న త్రోవయనియు భేదము లేదు.

పొలము గట్లపై విరగబూయు వయ్యారిభామ మాత్రము ఆహారముతో వచ్చినదనియే ప్రతీతి. 1950వ దశకపు మధ్యలో పూనా వద్ద దానిని గుర్తించినారు. దిగుమతి గోధుమలలో కలిసి వచ్చినదని చెప్పుదురు. నేడు దాని పుప్పొడికి తుమ్మని ఊరు లేదు.

మిరప మాత్రము స్వదేశీయా అని ఎవరైన అడుగవచ్చును. కాదు, అమెరికా ఖండమున పుట్టి, పోర్చుగీసు ఓడలలో వచ్చి, మన నల్లరేగడిలో స్థిరపడిన అతిథి అది. రాకపోకలను ఆపుట ఎవరి తరమును కాదు. అయితే పైరు వేరు, దాని పురుగు వేరు. పురుగు తన జన్మభూమిలో శత్రువుల నడుమ బ్రతుకును: దాని గ్రుడ్లను తినునవి, దాని ఒడలిలో గ్రుడ్లు పెట్టునవి, దానికి రోగము తెచ్చు బూజులు. క్రొత్త దేశమునకు అది ఒంటరిగా వచ్చును. శత్రువులు వెనుక నిలిచిపోవుదురు. తెరిచిన పంట, కాపలా లేని చేను దానికి దొరకును. క్రొత్తపురుగు ఉద్ధృతికి ముఖ్య కారణమిదియే.

మన దేశమునకు ఇట్టి చట్టము లేదనుకొనరాదు. వినాశకర కీటక, చీడల చట్టము 1914 నాటిది. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు దాని క్రిందిదే. విదేశము నుండి వచ్చు ప్రయాణీకుడు సుంకము వారి పత్రమున విత్తనములు, మొక్కలు, పండ్లు, పువ్వులు ఉన్నవో లేవో తెలుపవలెను. థాయిలాండు నుండి వింత మిరప విత్తనములను జేబురుమాలులో చుట్టి తెచ్చు ఔత్సాహికుడు ఆ గడి వంక చూడనైన చూడడు. ఆ పత్రము కంటె, ఆ చట్టము కంటె ముందే పత్తి విషయమున ఒక ఏర్పాటు జరిగినది. మెక్సికో నుండి 1892 ప్రాంతమున టెక్సాసులో ప్రవేశించిన కాయతొలుచు ముక్కుపురుగు అమెరికా పత్తిని ధ్వంసము చేయుచుండగా, 1906లో భారత ప్రభుత్వము దిగుమతి పత్తి బేళ్ళన్నింటికిని విధిగా పొగపట్టించవలెనని ఆజ్ఞాపించినది. ఆ ముక్కుపురుగు నేటివరకు మన పత్తిచేలలో కాలూనలేదు.