చేదు గింజ – తీపి కథ

పాఠ్యభాగ ఉద్దేశం

ఒక తినుబండారం వెనుక దాగి ఉన్న శ్రమను, శాస్త్రాన్ని, రైతు పాత్రను తెలియజేయడం, రుచిని వివేకంతో ఆస్వాదించే దృష్టిని పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

బెల్లంపల్లి పేరులోనే బెల్లం ఉన్నది. అయినా ఆ పట్టణం లోకానికి తెలిసినది తీపి వలన కాదు, బొగ్గు వలన. 1889లో ఇల్లందు ప్రాంతంలో మొదలైన సింగరేణి బొగ్గు తవ్వకం కాలక్రమంలో గోదావరి లోయ పొడవునా విస్తరించి బెల్లంపల్లి వంటి పట్టణాలకు జీవం పోసింది. బొగ్గుబాయిలో షిఫ్టు ముగించుకొని వచ్చే తండ్రి జేబులో నాలుగు చాక్లెట్లు ఉంటాయని పిల్లలు గుమ్మంలో ఎదురుచూడడం కార్మికవాడలకు కొత్త కాదు. కాని ఆ చాక్లెట్లలో చాలా వరకు రంగు, వాసన కలిపిన చక్కెర బిళ్ళలే. కిరాణా కొట్టు సీసాలోని ప్రతి తీపి బిళ్ళకూ మనం చాక్లెట్ అనే పేరు పెట్టుకున్నాము. మరి అసలైన చాక్లెట్ ఏది?

చాక్లెట్‌కు మూలం కోకో గింజ. కోకో చెట్టు జన్మస్థానం దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీ ప్రాంతం. మధ్య అమెరికాకు చెందిన మాయా, అజ్టెక్ జాతుల వారు ఈ గింజలను నూరి చేదు పానీయంగా సేవించేవారు. స్వీడన్ దేశపు శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో ఈ మొక్కకు ‘దేవతల ఆహారం’ అనే అర్థం వచ్చే శాస్త్రీయ నామాన్ని ఇచ్చాడు. 1847లో ఇంగ్లండులోని ఫ్రై సంస్థ కొరికి తినదగిన చాక్లెట్ పలకను తయారుచేసిన తరువాత, అంతవరకు త్రాగే వస్తువుగా ఉన్న చాక్లెట్ తినే వస్తువుగా కూడా ప్రసిద్ధి పొందింది.

మంచిర్యాల సమీపంలో బొగ్గు గనుల సీమను దాటిన గోదావరి దిగువకు సాగి సముద్రాన్ని చేరుకుంటుంది. ఆ దిగువ సీమలో, ఏలూరు, పశ్చిమ గోదావరి, తూర్పు గోదావరి జిల్లాలలో, కొబ్బరి, ఆయిల్ పామ్ తోటల నీడలో కోకో అంతర పంటగా పండుతున్నది. నేడు మన దేశంలో కోకో ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌దే అగ్రస్థానం.

కోకో కాయలు కొమ్మల చివర కాక, కాండానికి, లావు కొమ్మలకు అంటిపెట్టుకొని కాస్తాయి. పండిన కాయను పగులగొడితే తెల్లని గుజ్జులో పొదిగిన ముప్పై, నలభై గింజలు కనిపిస్తాయి. గుజ్జు తీయగా ఉంటుంది. గింజ మాత్రం కటిక చేదు. ఆ గింజలను గుజ్జుతో సహా చెక్కపెట్టెలలో నింపి, సుమారు ఐదారు రోజులు పులియబెడతారు. మధ్యమధ్య తిరగవేస్తారు. చాక్లెట్ రుచికి బీజం పడేది ఇక్కడే. సరిగా పులియని గింజ నుండి ఎంతటి నిపుణుడైనా మంచి చాక్లెట్ తీయలేడు. తరువాత గింజలను ఎండబెట్టి, వేయించి, పొట్టు తీసి, గంటల తరబడి మెత్తగా నూరుతారు. కొలత ప్రకారం చక్కెర కలిపి, వేడిని హెచ్చించి తగ్గించి, అచ్చులలో పోస్తారు.

ఈ పనులన్నింటినీ ఒకే చోట, కొద్ది మోతాదులో, శ్రద్ధగా చేసేవారిని చేతిపనివారని చెప్పవచ్చు. హైదరాబాదులోని బంజారాహిల్స్‌లో 2023లో ప్రారంభమైన ‘మనం చాక్లెట్ కార్ఖానా’ అటువంటిది. చైతన్య ముప్పాల స్థాపించిన ఈ సంస్థ పశ్చిమ గోదావరి ప్రాంతపు రైతుల కోకోను వాడుతున్నది. అమెరికాకు చెందిన టైమ్ పత్రిక 2024లో ప్రకటించిన ప్రపంచపు గొప్ప ప్రదేశాల జాబితాలో దీనికి చోటు దక్కింది. మన నేల పంట, మన భాషలోని పేరు ప్రపంచ దృష్టిని ఆకర్షించడం హర్షించదగిన విషయం.

మంచి చాక్లెట్‌ను తినడానికి ఒక పద్ధతి ఉన్నది. ముందుగా పలకను విరవాలి. బాగా తయారైన పలక టక్కున విరుగుతుంది. తరువాత వాసన చూడాలి. ఆపై నమలక, నాలుకపై ఉంచి కరగనీయాలి. కోకో వెన్న మన దేహపు వేడికి కొంచెం తక్కువలోనే కరుగుతుంది కనుక తొందర అవసరం లేదు. మొదట చేదు, పిదప పండు పులుపు, చివర బెల్లపు పాకం వంటి తీపి, ఒక్కొక్కటిగా తెలుస్తాయి. గుప్పెడు బిళ్ళలు తిన్నా కలగని తృప్తి ఆ ఒక్క ముక్కలో లభిస్తుంది.

అయితే ఆ ముక్క ఖరీదు సామాన్యునికి భారమే. అందులో రైతుకు దక్కేది ఎంత అన్న ప్రశ్న అంతకంటె ముఖ్యమైనది. 2024లో పశ్చిమ ఆఫ్రికాలో పంట దెబ్బతిన్నందున ప్రపంచ విపణిలో కోకో ధర టన్నుకు 10,000 డాలర్లు దాటింది. మరుసటి ఏడాది, 2025లో, ఆంధ్రప్రదేశ్ కోకో రైతులు గిట్టుబాటు ధర కోసం ఆందోళన చేయవలసి వచ్చింది. ధర పెరిగినా, తగ్గినా, దానిని నిర్ణయించే శక్తి పండించినవాని చేతిలో లేదు.

ఈ సత్యం బొగ్గు పట్టణపు బిడ్డలకు ఒకరు బోధించనవసరం లేదు. దీపం వెలిగించేవాడు బాయిలోని కార్మికుని తలచుకోడు. చాక్లెట్ తినేవాడు తోటలోని రైతును తలచుకోడు. ఒకరు భూమి అడుగున, మరొకరు చెట్టు నీడన, ఇద్దరూ కంటికి కనిపించకుండానే లోకానికి వెలుగును, తీపిని అందిస్తున్నారు. రుచిని ఆస్వాదించడం తప్పు కాదు. ఆ రుచి వెనుక ఉన్న చేతులను గుర్తించి ఆస్వాదించినప్పుడే అది సంస్కారం అనిపించుకుంటుంది.

అర్థాలు

విపణి : అంగడి, మార్కెట్
కాండము : చెట్టు మాను
అంతర పంట : ప్రధాన పంట మధ్య వేసే మరొక పంట
గిట్టుబాటు ధర : పెట్టుబడి పోను లాభం మిగిలే ధర
సంస్కారం : ఉత్తమ గుణం

ప్రశ్నలు

1. కోకో గింజ చాక్లెట్‌గా మారే క్రమాన్ని వివరించండి.
2. మంచి చాక్లెట్‌ను ఆస్వాదించే పద్ధతిని మీ మాటలలో వ్రాయండి.
3. బొగ్గుబాయి కార్మికునికి, కోకో రైతుకు గల పోలికను తెలపండి.
4. మీ ప్రాంతంలో చేతితో తయారుచేసే ఒక తీపి పదార్థాన్ని గురించి పది వాక్యాలు వ్రాయండి.